రెండు భుజాల కొలత

ముందుగా దేవునికి స్తోత్రం. ఏ ఇద్దరు మనుషులనూ ఒకే కొలతకు కత్తిరించని ఆయనకు, ఈ వయసులోనూ నా వేళ్లకు సూది పట్టే బలం ఉంచిన ఆయనకు మహిమ కలుగును గాక. ఆయన పేరు తలచుకోకుండా నేను కత్తెర పట్టిన రోజు లేదు. ఈ కలమూ అలాగే పట్టుకున్నాను.

అది 1962వ సంవత్సరం. మందమర్రి బజారులో నాది ఒక గది దుకాణం. రేకుల కప్పు, కాలితో తొక్కే మిషను, ఒక బల్ల, ఒక నిలువుటద్దం. కరీంనగర్‌లో క్రైస్తవ మిషన్ వాళ్ల దగ్గర కుట్టుపని నేర్చుకున్నాను. బొగ్గు బాయిలు, అంటే గనులు, ఉన్న చోట పనివాళ్లు ఎక్కువ కాబట్టి బట్టలు కుట్టించుకునేవాళ్లూ ఉంటారని ఆరేళ్ల ముందు ఈ ఊరికి వచ్చాను. నాలుగేళ్లు చేతినిండా పని ఉండేది. తర్వాత ఎదురుగా రెడీమేడ్ బట్టల షాపు పడింది. అంగీలు తీగకు వరసగా వేలాడేవి. నచ్చినది తొడుక్కొని చూసుకొని వెళ్లిపోవడమే. మా వరసలో ఐదుగురు దర్జీలం ఉండేవాళ్లం. రెండేళ్లు తిరిగేసరికి నేనొక్కణ్నే మిగిలాను.

ఆ రెండేళ్లలోనే నా భార్య సుగుణమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. పిల్లలు లేరు. మా సంఘం మంచిర్యాలలో ఉండేది. ఆదివారం పొద్దున రైలెక్కి వెళ్లి ఆరాధనలో కూర్చొని వచ్చేవాణ్ని. మిగతా ఆరు రోజులూ నా ప్రార్థన చివర ఆమెన్ అనడానికి రెండో గొంతు ఉండేది కాదు. పొద్దున్నే దుకాణం ఊడ్చి, మిషనుకు నూనె వేసి, బల్ల మీద చేతులు ఆనించి ప్రార్థన చేసి తలుపు తీసేవాణ్ని. మా పాస్టరు గారు ఒకసారి నాతో అన్నారు: "గిరాకీ వచ్చినప్పుడే సేవ అనుకోకు. వచ్చేవాళ్ల కోసం సిద్ధంగా, నవ్వు ముఖంతో కూర్చోవడం కూడా సేవే." ఆ మాట పట్టుకొని ఉతికిన చొక్కా వేసుకొని, టేపు మెడలో వేసుకొని, బజారు వైపు తిరిగి కూర్చునేవాణ్ని. సాయంత్రానికి ఆ టేపు ఎవరినీ కొలవకుండానే మళ్లీ కొక్కేనికి ఎక్కేది.

ఎదురు షాపు సేఠ్ చెడ్డవాడు కాదు. జనం లేనప్పుడు గద్దె మీది నుంచే కేక వేసేవాడు.

"ఏం టైలర్ సాబ్, ఇయ్యాల ఎవల కోసం ప్రార్థన జేసినవ్?"

"నీ కోసమే సేఠ్."

"నా కోసమైతే నీ మిషను తెచ్చుకొని ఇటొచ్చి కూసో. గుండీలు కుట్టు, పొడుగు ప్యాంట్లు పొట్టిగ జెయ్యి. ఒక్కనివి గట్ల తొవ్వ సూస్కుంట ఎన్ని రోజులు కూసుంటవ్?"

ఎగతాళిలా అన్నా అందులో దయ ఉందని నాకు తెలుసు. నెలాఖరుకు చెప్తానన్నాను. మనసులో అప్పటికే సగం ఒప్పుకున్నాను.

ఆ నెలలో వరసగా తొమ్మిది రోజులు ఒక్కరూ రాలేదు. పదో రోజు మధ్యాహ్నం ఒకతను గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. కనురెప్పల అంచుల్లో బొగ్గు మసి, కాటుక పెట్టినట్టు. చంకలో పాత ధోతిలో చుట్టిన మూట.

"అన్నా, అంగీ కుడ్తవా?"

"ఎందుకు కుట్ట తమ్మీ, కూసో."

అతని పేరు రాజమల్లు. బాయిలో ఫిల్లరు. బాయిలో పేల్చిన బొగ్గును చెమ్మసుతో, అంటే పారతో, తట్టలోకి ఎత్తుకొని, భుజాన మోసుకెళ్లి పట్టాల మీది టబ్బులో పోసేవాళ్లను ఫిల్లర్లంటారు. అతను మూట విప్పాడు. తెల్లటి చేనేత బట్ట. కొంచెం ముతక, కానీ నేత ఎక్కడా తప్పలేదు.

"మా బాపు నేసిండు," అన్నాడు. "మాది సిరిసిల్ల దిక్కు. గిది మా బాపు మగ్గం మీద ఆఖరు బట్ట. దీని తర్వాత మగ్గం గుంతల దిగలే. నిరుడు పోయిండు. వచ్చే వారం ఏడాది మాసికం. గీ అంగీ తొడుక్కొని కూసోవాలె, మా అవ్వ సూడాలె. జర పైలం అన్నా, గిసొంటిది మళ్ల దొర్కది."

"నీకెందుకు ఫికర్, నేనున్న గద," అన్నాను.

అద్దం ముందు నిలబెట్టి కొలతలు తీసుకున్నాను. ఫోటోకు నిలబడ్డట్టు అతను ఊపిరి బిగబట్టి, ఛాతీ ముందుకు పెట్టి నిటారుగా నిలబడ్డాడు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. భుజం, చెయ్యి, చంక ఒక వైపే కొలుస్తాం. బట్టను రెండు మడతలు వేసి ఒకేసారి కత్తిరిస్తాం. రెండు వైపులూ సమానంగా వస్తాయి. నాకు నేర్పినవాళ్లు అలాగే నేర్పారు, ఇరవై ఏళ్లుగా అలాగే చేస్తున్నాను. పని పూర్తయ్యే ముందు కచ్చా కుట్లు వేసి ఒకసారి తొడిగించి చూడాలి, దాన్ని ట్రయల్ అంటాం. షిఫ్టుల వల్ల మధ్యలో మళ్లీ రావడం కష్టమన్నాడు రాజమల్లు. నాకూ తొమ్మిది రోజుల ఆకలి, పని ఆకలి. ట్రయల్ వద్దనుకొని ఆ సాయంత్రమే కత్తెర పెట్టాను. ఆ బట్ట మీద కత్తెర నడుస్తుంటే ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. పాట పాడుకుంటూ కత్తిరించాను.

నాలుగో రోజు అతను వచ్చాడు. అంగీతో పాటు మిగిలిన పీలికలు మడిచి చేతికిచ్చాను. దర్జీ దగ్గర మిగిలిన ముక్క దర్జీదేనని లోకం అనుకుంటుంది. నేను మాత్రం గోరంత ముక్క కూడా ఉంచుకునేవాణ్ని కాదు.

"గిదేంది అన్నా, ముక్కలు వాపస్ ఇచ్చే దర్జీని గిప్పుడే సూస్తున్న," అని నవ్వుతూ అంగీ తొడుక్కున్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. కాలరు ఒక పక్కకు పోయింది. కుడి భుజం దగ్గర నుంచి వీపు మీదికి ఏటవాలుగా ముడతలు పడ్డాయి. కుడి చేతి పైభాగం బిగుసుకుపోయింది. ముందు అంచు ఒక వైపు కిందికి జారింది. అతను ఇప్పుడు ఊపిరి బిగబట్టలేదు, మామూలుగా నిలబడ్డాడు. కుడి భుజం ఎడమ దానికన్నా రెండు వేళ్ల మేర కిందికి ఉంది.

"మంచిగనే ఉన్నదన్నా," అన్నాడు రాజమల్లు అద్దంలో ఒక్కసారి చూసి. "నాకు అన్ని అంగీలు గిట్లనే ఉంటయ్. వంకర నా పెయ్యిల ఉన్నది, అంగీల లేదు."

నేను అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సిన నిజం చెప్పలేదు, అంతే. అంగీ మడిచి కాగితంలో చుట్టి ఇచ్చాను. అతను సంతోషంగానే వెళ్లాడు.

మర్నాడు పొద్దున బల్ల మీద చేతులు ఆనించి ప్రార్థనకు నిలబడ్డాను. మాట రాలేదు. ఆ మనిషి తన ఒంటిని తానే తప్పు పట్టుకొని పోయాడు, నా తప్పును అతని భుజాన పెట్టి పంపాను. ఆ మాట ఎవరితోనైనా చెప్పుకుందామంటే గదిలో నేనూ, అద్దమూ తప్ప ఎవరూ లేరు. సుగుణమ్మ ఉంటే, "గిక్కడ నిలబడి ఏం జేస్తున్నవ్, పో," అనేది. తలుపు వేసి బయలుదేరాను.

మొదటి షిఫ్టు విడిచే వేళకు బాయి గేటు దగ్గర నిలబడ్డాను. సైరన్ మోగింది. మనుషులు గుంపులుగా బయటికి వచ్చారు. ఆరేళ్లుగా ఆ ఊళ్లో ఉన్నాను, వాళ్లకే బట్టలు కుట్టాను, కానీ షిఫ్టు దిగి వస్తుంటే ఒక్కసారీ చూడలేదు. చాలామందికి ఒక భుజం కిందికి ఉంది. కొందరికి కుడి, కొందరికి ఎడమ. తట్ట ఏ వైపు మోస్తే ఆ వైపు. ఒక్కొక్కరూ అలా నడిచి వస్తుంటే నేను కుట్టిన అంగీలన్నీ నా కళ్ల ముందు తీగకు వేలాడినట్టు కనిపించాయి. నావీ రెడీమేడ్‌లే. ఒక ఒంటిని చూసి కుట్టినవి కావు.

రాజమల్లు నన్ను చూసి ఆగిపోయాడు. "ఏమైందన్నా, గింత దూరం వచ్చినవ్?"

"ఆ అంగీ వాపస్ ఇయ్యి తమ్మీ. తప్పు నాది. నీ పెయ్యిల ఏ వంకర లేదు."

పక్కనున్న ఫిల్లరు నవ్వాడు. "ఓ రాజమల్లూ, దర్జీ సాబ్‌కు నీ అంగీ మీద మనసువడ్డదిరా!"

"మనసు కాదు బిడ్డా, పాపం వడ్డది," అన్నాను. వాళ్లంతా నవ్వారు. రాజమల్లు మాత్రం నవ్వలేదు. నన్ను కాలనీలో తన గదికి తీసుకెళ్లాడు. ఒక చాప, ఒక పెట్టె, ఒక కుండ. అతనూ నాలాగే ఒక్కడే ఉంటున్నాడని అప్పుడు తెలిసింది. పెళ్లాం, అవ్వ ఊళ్లోనే ఉన్నారు.

అంగీ పెట్టెలో ఉంది. "ముక్కలు గూడ కావాలె," అన్నాను. కుడి చెయ్యి పట్టాలంటే చంక కింద కొత్తగా ముక్క కలపాలి, అంత వెడల్పున్నది ఆ పీలికల్లో ఒక్కటే. అతను తల గోక్కున్నాడు. సద్ది గిన్నె కట్టుకోవడానికి ఆ ముక్కనే బాయిలోకి తీసుకెళ్లాడు. తీసి చూపిస్తే నల్లగా ఉంది.

"గిట్లయితదని నాకేం ఎరుక," అన్నాడు చిన్నబోయి.

దుకాణానికి తెచ్చి దాన్ని మూడుసార్లు సబ్బుతో ఉతికాను. నలుపు పోయింది, బూడిద రంగు మరక మిగిలింది. మర్నాడు షిఫ్టు దిగి అతను వచ్చాడు. ఈసారి అద్దం ముందు నిలబెట్టలేదు. బల్ల మీద కూర్చోబెట్టి వాళ్ల బాపు గురించి అడిగాను. అతను తనను తాను మరిచిపోయి చెప్తుంటే లేపి, వెనక నుంచి, రెండు వైపులూ విడివిడిగా కొలిచాను.

"మా బాపుకు గూడ నడుం ఒక దిక్కు ఒరిగి ఉండేది," అన్నాడు. "మగ్గం గుంతల కూసోని కూసోని. మేము నవ్వేటోళ్లం. ఆయన అంగీ గూడ గిట్లనే ఒక పక్కకు గుంజేది."

కుడి భుజం కుట్టు విప్పి రెండు వేళ్ల మేర దించాను. భుజం దించితే ఆర్మ్‌హోల్, అంటే చెయ్యి దూరే గుండ్రటి భాగం, బిగుస్తుంది. దాన్ని కిందికి లోతు చేశాను. కాలరు తీసి మళ్లీ వేశాను. చంక కింద కలపాల్సిన ముక్క చేతిలో పట్టుకొని అతనికి చూపించాను.

"మరక పోలేదు తమ్మీ. లోపటి దిక్కు పెడ్త, ఎవలకు కనవడది."

అతను దాన్ని వేళ్లతో నిమిరాడు. "ఉండనియ్యన్నా. బాపు నేసిండు, నేను మసి పూసిన. ఇద్దరం ఉంటం అండ్ల."

ఈసారి కచ్చా కుట్ల మీద తొడిగించి చూశాకే మిషను ఎక్కించాను. ఊరికి వెళ్లే రోజు పొద్దున వచ్చి తొడుక్కున్నాడు. కాలరు మెడ చుట్టూ సరిగ్గా కూర్చుంది. వీపు మీద ఒక్క ముడత లేదు. అతను అద్దంలో చూసుకొని, చెయ్యి పైకెత్తి, తట్ట ఎత్తినట్టు భుజం కదిపి, మళ్లీ దించాడు. "ఎక్కడ గుంజుతలేదే!" అన్నాడు ఆశ్చర్యంగా. రైలుకు టైమవుతోందని పరుగెత్తాడు.

అతను వెళ్లాక దుకాణం మునుపటిలాగే ఖాళీగా ఉంది. నెలాఖరు వచ్చింది. సేఠ్ దగ్గరికి వెళ్లి, నేను రాలేనని, నాకు ఇక్కడ పని ఉందని చెప్పాను.

"ఏం పని సాబ్? ఈగలు గూడ వస్తలేవు," అన్నాడాయన.

నా దుకాణానికి తిరిగొచ్చి, కొత్త కొలతల పుస్తకం తీసి, ప్రతి పేజీ మధ్యలో గీత గీసి, ఒక పక్క 'ఎడమ', ఇంకో పక్క 'కుడి' అని రాసుకుంటూ కూర్చున్నాను. మొదటి పేజీలో రాజమల్లు కొలతలు ఎక్కించాను, మిగతా పేజీలన్నీ ఖాళీవే.

పదిహేను రోజులకు రాజమల్లు తిరిగి వచ్చాడు. వెంట ఇద్దరు ఫిల్లర్లు, చంకల్లో బట్టలు.

"మాసికం మంచిగ జరిగిందా?" అని అడిగాను.

"జరిగిందన్నా. మా అవ్వకు సూపు జర తక్కువ. దగ్గరికి పిలిచి భుజాల మీద రెండు చేతులు పెట్టి తడిమింది. తడిమి ఏమన్నదో ఎరుకేనా? 'నువ్వు బాయికి పోకముందు ఎట్లుంటివో, గట్లనే ఉన్నవ్ కొడకా' అన్నది."

నేను తల వంచుకొని టేపు సరిచేసుకున్నట్టు నటించాను.

ఆ ఏడాది నా దుకాణం కిటకిటలాడిపోయిందని చెప్తే అబద్ధమవుతుంది. వారానికి ఒకరిద్దరు వచ్చేవాళ్లు. కొన్నాళ్లకు సేఠ్ కూడా, తన దగ్గర ఏ అంగీ పట్టని మనిషి వస్తే, "నీకు సరిపోయేది నా తాన లేదు, ఎదురుంగ పో, ఆయన రెండు భుజాలు కొలుస్తడు," అని పంపేవాడు. రాజమల్లుకు మరో బాయికి బదిలీ అయింది. తర్వాత అతన్ని నేను చూడలేదు. అతని కొలతలు ఆ పుస్తకం మొదటి పేజీలో ఇప్పటికీ ఉన్నాయి.

ఆ అంగీ నాకు నేర్పింది ఇదే. గిరాకీ లేని రోజుల్లో మనం గిరాకీ కోసం చూస్తాం, మనిషి కోసం చూడం. మనిషి వచ్చినప్పుడు చేతికి పని దొరికిందన్న ఆత్రంలో అతన్ని చూడకుండానే కత్తెర పెడతాం. దేవుడు నాకు తొమ్మిది ఖాళీ రోజులిచ్చింది పదో రోజు వచ్చినవాణ్ని నిదానంగా చూడటానికి. నేను తొందరపడ్డాను. ఆయన తొందరపడలేదు, నన్ను గేటు దాకా నడిపించి చూపించాడు.

ఇప్పటికీ నేను ఒక్కణ్నే తలుపు తీస్తాను, ఒక్కణ్నే ప్రార్థిస్తాను. అందుకే చదివేవాళ్లను ఒకటి అడుగుతున్నాను. ఏ ఊళ్లోనో, ఏ బజారులోనో ఎవరూ రాని దుకాణంలో ఉతికిన బట్టలు కట్టుకొని తొవ్వ చూస్తూ కూర్చున్నవాళ్లు ఇవాళ కూడా ఉంటారు. వాళ్ల ముఖం మీది నవ్వు వాడిపోకుండా, వచ్చినవాళ్లను సరిగ్గా చూసే కళ్లు వాళ్లకుండేలా కాపాడమని నాతో కలిసి ప్రభువును అడగండి. ప్రార్థన నేను చెప్తాను. చివర ఆమెన్ అనడానికి నా దగ్గర ఎవరూ లేరు. ఆ ఒక్క మాట మీరు అనండి.