గాలికి అడ్డం ఉరికిన పెండ్లికొడుకు

ఛాయ్ తర్వాత తాగుండ్రి గాని, ముందుగాల నా ముచ్చట ఇనుండ్రి! మొన్న నా పెండ్లి జెరంతల తప్పిపోతుండె. ఎవ్వలో చెడగొట్టలే, నేనే!

నేను పాశమైలారంల కెమికల్ కంపెనీల సేఫ్టీ ఆఫీసర్‌నని మీకెరికే గదా. పిల్ల శ్రావణిది కర్దనూర్. ఇప్పుడు ప్రీ వెడ్డింగ్ షూట్ లేకుంటే అది పెండ్లే కాదంట! దోస్తులందరు చేసిండ్రు, నేనేం తక్కువ? హైదరాబాద్‌కెళ్లి ఫొటోగ్రాఫర్‌ను పిలిపిచ్చిన. ఆయన నాకు పిల్లనిచ్చే మామ పత్తిచేను సూసి, "బ్రో, లొకేషన్ సూపర్! స్మోక్ బాంబ్ పేల్చుదాం. పసుపు పొగలకెళ్లి ఇద్దరు నడ్సుకుంట రావాలె" అన్నడు.

శ్రావణికి నేల ఊడ్సేంత గౌను, నాకు షేర్వాని. ఫొటోగ్రాఫర్ ఆ పొగ డబ్బా ముట్టిచ్చిండు. అబ్బబ్బ, ఏం పొగ! అంతల గాలి తిరిగింది. పొగంత పోయి పక్క చేన్ల పత్తి ఏరేటోళ్ల మీద వడ్డది.

"గ్యాస్ లీకైందిరో!"

ఇగ సూడుండ్రి లొల్లి! తువ్వాలలు తడుపుడు, ముక్కులకు కట్టుడు, ఉరుకుడు. ఇదంత ఎవ్వలు నేర్పిండ్రనుకున్నరు? నేనే! పోయిన నెల ఊర్ల మీటింగ్ పెట్టి, "రంగు పొగ కనవడ్తే ఆలోచన చెయ్యకుండ్రి, తడిగుడ్డ కట్టుకొని గాలికి అడ్డం ఉరకుండ్రి" అని నోరు నొచ్చేదాక చెప్పిన.

గంతమంది ఉరుకుతుంటే నేను గూడ ఆగమైన. మా కంపెనీల లీకైందా, పక్క కంపెనీలనా? అరే, గది మన డబ్బా పొగనే అని యాదికి రావాలె గదా! రాలే. షేర్వాని ఎత్తిపట్టుకొని నేను గూడ ఉరికిన. ముసలోళ్లను దాటిన. మామను గూడ దాటిన! రోడ్డెక్కినంకనే ఆగిన.

ఎనకనుంచి మామ రొప్పుకుంట వచ్చి, తువ్వాల కిందికి గుంజి అడిగిండు: "అల్లుడా, పిల్లేది?"

తిరిగి సూస్తే చేను నడుమ శ్రావణి! గౌను పత్తి చెట్లకు చిక్కింది. పొగ ఎప్పుడో పోయింది. పక్కన ఫొటోగ్రాఫర్ మా ఉరుకుడంత తీస్తనే ఉన్నడు. కాళ్లకాడ ఖాళీ డబ్బా.

మామకు సంగతి సమజైంది. "గీ డబ్బాకు ఉరికినవా? ఆపదొస్తే పిల్లను ఇడిసిపెట్టి పోయేటోనికి నా బిడ్డనెట్ల ఇయ్యాలె?"

ఊరంత సుట్టు నిలవడి సూస్తున్నది. పెండ్లి గోవిందా అనుకున్న.

అంతల శ్రావణి చినిగిన గౌను అంచు ఎత్తి సంకల పెట్టుకొని వచ్చింది. నన్ను కిందికెళ్లి మీది దాక సూసింది. "నాయినా, పెండ్లి ఆపకు. పెండ్లి చేసే అయ్యగారికి మాత్రం చెప్పు, కొంగుముడి జెర గట్టిగ ఎయ్యమని. ఈయన ఉరుకుతడు!"

మామ ముందు నవ్విండు, ఎనక ఊరంత నవ్వింది. పెండ్లి నిలిచిందని నేను గూడ నవ్విన.

నిన్న అయ్యగారు ఫోన్ చేసిండు. "బాబూ, కొంగుముడికి గుడ్డ సాలుతదా, తాడు తెమ్మంటవా?"