హెడ్ మేస్త్రీ కుర్చీ, ఆడమనిషి సిగరెట్టు

కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే ఆ షెడ్డులో ఆవిడ అసలు పేరు ఎవరికీ అవసరపడలేదు. అందరికీ మోటారక్కే. ఇరవై రెండేళ్ల కిందట నేల ఊడవడానికి చేరి, ఎవరూ నేర్పకుండానే, పారేసిన కాయిళ్లు విప్పి చూసి పని పట్టింది. ఒక మోటారు పూర్తయితే వెనక గోడ దగ్గరికి వెళ్లి ఒక సిగరెట్టు కాల్చుకుంటుంది. వార్నిషు డబ్బాలున్న చోట నిప్పు ఉండకూడదని ఆవిడ పద్ధతి.

మగాళ్లకు అలాంటి పద్ధతులేమీ లేవు. వాళ్లు వార్నిషు డబ్బాల మీదే కూర్చుని కాలుస్తారు.

చూపు మందగించి హెడ్ మేస్త్రీ పని మానేశాడు. ఆ కుర్చీ కోసం మోటారక్క నోరు తెరిచి అడగలేదు గానీ, మనసులో గట్టిగానే అనుకుంది. చుట్టిన మోటారు మరమ్మతుకు తిరిగిరాని చెయ్యి ఆ షెడ్డులో ఆవిడదొక్కటే. సరిగ్గా అప్పుడే యజమాని బావమరిది ఆవిడను గోడ దగ్గర సిగరెట్టుతో చూశాడు.

మర్నాడు నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు: యజమాని, బావమరిది, లేతు మేస్త్రీ, అదే షెడ్డులో పనివాడైన మోటారక్క మరిది. నాలుగు గురివింద గింజలు, నాలుగు సిగరెట్లు. ఆవిడ పక్క బల్ల మీద కాయిలు చుడుతూనే ఉంది.

"మగాడికి సవాలక్ష టెన్షన్లు, కాలుస్తాడు. ఆడదానికేం రోగం?" అన్నాడు బావమరిది, రెండు దగ్గుల మధ్య.

"వచ్చే పార్టీలు ఏమనుకుంటారు?" అన్నాడు యజమాని.

"మా వదిన వల్ల నేను తలెత్తుకోలేకపోతున్నా," అన్నాడు మరిది. అతను కాలుస్తున్నది పొద్దున వదిన దగ్గర అడిగి పుచ్చుకున్నదే.

ఆవిడ చుట్ల లెక్క ముగించి అటు తిరిగింది. "అయితే అది ఇటిచ్చెయ్ మరిదీ. తల కాస్త తేలికవుతుంది."

లేతు మేస్త్రీ నవ్వబోయి దగ్గాడు. కుర్చీ మరిదికి ఇచ్చారు. అతని పనితనం గురించి ఒక్కరూ అడగలేదు. పరువు తూచేవాళ్లకు పని చూసే తీరికెక్కడిది?

కొత్త హెడ్ మేస్త్రీ తన మొదటి మోటారును, ఆసుపత్రి నీళ్ల పంపుది, నోట్లో సిగరెట్టుతోనే చుట్టాడు. తీగ మీది పూత గోరు తగిలినా లేచిపోయేంత పల్చన. నిప్పురవ్వ ఎక్కడ రాలిందో అతను చూసుకోలేదు. కరెంటు ఇవ్వగానే ఫ్యూజు పేలింది. విప్పి చూస్తే రెండు చోట్ల పూత కాలి రాగి బయటపడింది. పైగా తొమ్మిది చుట్లు తక్కువ.

ఆసుపత్రి మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. యజమాని సిగరెట్టు చేత్తో పట్టుకునే మోటారక్క బల్ల దగ్గరికొచ్చాడు.

"నువ్వే చూడాలమ్మా. కుర్చీ కూడా నీదే. ఆ అలవాటొక్కటి మానుకో, చాలు."

"హెడ్ మేస్త్రీ మాట షెడ్డులో అందరూ వింటారా?"

"వినక చస్తారా?"

"అయితే ఇవాళ్టి నుంచి లోపల ఎవరి చేతిలోనూ నిప్పు కనబడకూడదు. నేను ఎప్పుడూ బయటే కాలుస్తాను. మీరంతా కూడా బయటే."

యజమాని తోడు కోసం చుట్టూ చూశాడు. మరిది బూట్ల లేసులు సరిచేసుకుంటున్నాడు. బావమరిదికి గోడ మీద ఏదో కనబడింది. గుమ్మంలో మనిషి గొంతు సవరించుకున్నాడు. యజమాని సిగరెట్టును చెప్పు కింద వేసి నలిపాడు.

"అక్కడ కాదండీ," అంది మోటారక్క.

ఆయన వంగి, ఆ తుంటను ఏరుకుని బయటికి నడిచాడు.