నాయనమ్మ నొక్కిన మీట

ఇప్పటికీ ఏ విమానాశ్రయంలో అడుగుపెట్టినా, చల్లటి గాలిలో అత్తరూ నేల తుడిచిన మందూ కలిసిన ఆ వాసన తగలగానే, ఎనభైల్లో నాకు పదేళ్ళప్పుడు గోంగూర పచ్చడి జాడీని చంకనెత్తుకుని కువైట్‌లో దిగిన మా నాయనమ్మ కళ్ళముందు నిలుస్తుంది.

అక్కడ నర్సుగా పనిచేసే మేనత్తకు కానుపు దగ్గరపడింది. గురజాల బస్టాండు దాటి ఎరగని నాయనమ్మకు తోడుగా, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదవగలనని నన్ను పంపారు. నెల ముందునుంచే ఇల్లంతా పండగ. కల్లంలో ఎండే మిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూనే అమ్మ కందిపొడి దంచేది, అరిసెలు వత్తేది. నాయనమ్మ మెత్తబడ్డ పాతచీరలు చించి పుట్టబోయే బిడ్డకు పొత్తిగుడ్డలు కుట్టేది.

విమానం దిగి లోపలికి నడుస్తుంటే ఎదుట ఉన్న అద్దాల తలుపు రెండుగా విడిపోయింది. నాయనమ్మ చప్పున పక్కకు తప్పుకుంది.

"ఏమే, తలుపు తీసినోళ్ళు ఏరే?"

"ఎవరూ తియ్యలా నాయనమ్మా. మనిషొస్తే అదే తెరుసుకుంటది."

"ఎవురొచ్చినా తెరుసుకుంటదా? ఈ తలుపుకున్న బుద్ధి మనూరోళ్ళకి లేకపాయెనే!"

నవ్వింది గాని, ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తను ముట్టుకుంటే గ్లాసు ఎవరికి పనికిరాకుండా పోతుందోనని విమానంలో చుక్క నీళ్ళు కూడా తాగలేదు. మా ఊళ్ళో మంచినీళ్ళ బావి ఒక్కటే. చర్చికి వెళ్ళినా ఊరి లెక్కలో మేము అంటరానివాళ్ళమే కాబట్టి, చేద ముట్టకూడదు. ఎవరో దయతలిచి తోడి పోసేదాకా చెప్పులు దూరంగా విడిచి ఎండలో నిలబడాలి, దాహమైతే దోసిలి పట్టాలి. దేవుడి ఏర్పాటు అనేవాళ్ళు ఊరి పెద్దలు. ఆ దేవుడు సంతకం పెట్టిన కాగితం చూపించమంటే మాత్రం కొట్టడానికి వచ్చేవాళ్ళు.

గోడవారన నీళ్ళ యంత్రం దగ్గర ఇద్దరు మనుషులు వంగి తాగుతున్నారు. నాయనమ్మ మూడడుగుల దూరంలో ఆగింది. వాళ్ళు వెళ్ళాక దగ్గరికొచ్చి, నడుం వంచి, దోసిలి పట్టి, కళ్ళు నేలకు దించి నిలబడింది. ఎంతసేపటికీ నీళ్ళు పడలేదు.

"మీట నొక్కితే వస్తయి నాయనమ్మా."

"ఒకరు పొయ్యకుండా ఎట్టా తాగుతామే?"

"నువ్వే నొక్కు!"

వేలిని చీర కొంగుకు తుడుచుకుని, చుట్టూ చూసి, నొక్కింది. నీళ్ళు ఎగిరి ముక్కుమీద పడ్డాయి. ఉలిక్కిపడి, పకపకా నవ్వి, మళ్ళీ నొక్కింది. తాగింది. కడుపు నిండాక కూడా తాగింది.

తాగి కదల్లేదు. తెల్లటి పొడుగు చొక్కా తొడుక్కున్న ఒకాయన పిల్లవాడితో వస్తుంటే, మీట నొక్కిపట్టి, "తాగు నాయనా" అంది. ఆయనకు భాష తెలియకపోయినా చిరునవ్వుతో వంగి తాగాడు. కొడుకునీ ఎత్తి తాగించాడు.

"నా చేతి నీళ్ళు తాగిండే!"

"అత్త బయట చూస్తా ఉంటది, రా!"

"ఉండవే, ఇంకో ఆమె వస్తంది."

తిరిగొచ్చాక ఆమె ఆ బావి దగ్గర ఇక ఏనాడూ దోసిలి పట్టలేదు. మైలు దూరమైనా సాగర్ కాలవకు నడిచి, తన చేత్తోనే బిందె ముంచుకునేది. నన్నూ వెంట తీసుకెళ్ళేది, దారంతా కువైట్ కబుర్లే.

ఇప్పుడు నాయనమ్మ లేదు. బావిని పూడ్చి పైన సిమెంటు రోడ్డు వేశారు. అంత తియ్యటి నీళ్ళు మళ్ళీ దొరకవని ఊళ్ళో పాతవాళ్ళు నిట్టూరుస్తారు. నేను వెళ్ళినప్పుడల్లా ఆ రోడ్డుమీద చెప్పులు టకటకలాడించుకుంటూ నడుస్తాను.