అత్త గొంతు, నా గిటారు

మా చర్చి సంఘంలో నా గురించి ఒక మాట బాగా నలిగింది. గురువు లేకుండా సొంతంగా గిటారు నేర్చుకున్నానని. మా అత్త గురించి కూడా ఒక మాట ఉంది. వయసు మీద పడి గొంతు పోయింది, అందుకే చర్చిలో పాట ఎత్తడం మానేసిందని. మొదటి మాట నిజం. రెండోది కాదు. ఆ సంగతి చెప్పవలసినవాణ్ణి నేనే, చాలాకాలం చెప్పలేదు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. కళింగపట్నంలో ఉంటుంది. నేను అరసవల్లిలో మేడ మీద ఒక గదీ వంటగదీ ఉన్న వాటాలో ఉంటాను. ఎచ్చెర్లలో ఉద్యోగం. మా ఆవిడ పోయాక సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తే, పొద్దున్న నేను వదిలేసిన గ్లాసు వదిలేసిన చోటే ఉండేది. అన్నం వండుకోవడానికి ఎంతసేపు పడుతుంది? తినడానికి అంతకన్నా తక్కువ. ఆ తర్వాత నిద్రపట్టే దాకా ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

పక్క వాటాలో అద్దెకుండే విద్యార్థి ఖాళీ చేస్తూ, బస్సులో పట్టదని తన గిటారు నా దగ్గర పెట్టి వెళ్లాడు. మళ్లీ రాలేదు. కొన్నాళ్లు అది గోడకి ఆనుకుని ఉంది. ఒకరోజు ఫోనును కుక్కరుకి ఆనించి, వీడియో పెట్టుకుని మొదలుపెట్టాను.

వేళ్ల చివర్లు కోసుకుపోయి, కూర కలుపుకుంటే కారం మండేది. కింద ఉండే ఇంటావిడ మెట్ల దగ్గర ఆపి అడిగింది.

"ఏటండీ మాస్టారూ, రోజూ అదే పాటా?"

"పాట కాదండీ. ఇంకా పాట దాకా రాలేదు."

"అలగయితే వచ్చినాక సెప్పండి, అప్పుడింటాం."

ఫోనులోని మనిషి మంచి గురువు. ఆపితే ఆగుతాడు, నెమ్మదిగా అంటే నెమ్మదిస్తాడు. నేను తప్పు వాయిస్తే నొచ్చుకోడు, బాగా వాయిస్తే మెచ్చుకోడు. తీగలు శ్రుతి చేసుకోవడానికి ఇంకో యాప్ ఉండేది. తీగ మీటితే ముల్లు అటూ ఇటూ ఊగి, సరిగ్గా ఉంటే పచ్చలైటు వెలిగేది. ఆ గదిలో నాకు ‘అవును’ అని చెప్పేది అదొక్కటే. అందుకే దాన్ని అంతగా నమ్మాననుకుంటాను.

రెండు మూడు తీగలు కలిపి నొక్కి వాయించే కార్డ్‌లు నాలుగైదు వచ్చాయి. చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కవలసిన కార్డ్ మాత్రం ఎంతకీ రాలేదు. కాబట్టి నాకు కుదిరే శ్రుతులు తక్కువ. ఒక్కణ్ణే పాడుకుంటున్నాను కనుక అది లోపమని తెలియలేదు.

ఆదివారం సూర్యదేవుడి గుడికని అరసవల్లి వచ్చే ఆటోలన్నీ కిక్కిరిసి వస్తాయి, వెళ్లే ఆటోలు ఖాళీ. గిటారు పక్క సీట్లో పెట్టుకుని బస్టాండుకి, అక్కణ్ణుంచి బస్సులో కళింగపట్నం. అక్కడ మా చిన్న చర్చి. మా పద్ధతి ఏమిటంటే, పాస్టరుగారు పాట చెప్పి ఆగుతారు. అత్త ఎత్తుతుంది. ఆవిడ ఎత్తేదాకా ఎవరూ నోరు విప్పరు. ఎత్తే ముందు ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి అందరినీ చూసేది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని పలకరింపుగా చూస్తోందనుకునేవాణ్ణి.

నేను గిటారు తెచ్చిన మొదటి ఆదివారమే ఇబ్బంది మొదలైంది. ఆవిడ ఎత్తిన శ్రుతి నా కార్డ్‌లలో దేనికీ అందలేదు. ఒక వారం కిందకి, ఒక వారం పైకి. ఇంకో వారం ఆ రెండిటి మధ్యా ఎక్కడో. నేను తడుముకుంటుంటే పాట అయిపోయేది. కుర్రాళ్లు నావైపు చూసేవారు. కొన్ని వారాలకి ఓర్చుకోలేక, పాట మధ్యలో ఆపి అందరి ముందూ అన్నాను.

"అత్తా, నీ శ్రుతి తప్పు. కావాలంటే ఫోనులో చూపిస్తాను, పచ్చలైటు ఎప్పుడు వెలుగుతుందో. నేను వాయిస్తాను, దాంట్లో ఎత్తు."

ఆవిడ సరేనంది. ఎత్తింది. చరణంలో పాట పైకి వెళ్లిన చోట గొంతు చీలిపోయింది. వెనక ఎవరో నవ్వారు. అత్త కొంగు తలమీదకి లాక్కుని కూర్చుంది. మిగతా పాట నేనూ కుర్రాళ్లూ పూర్తి చేశాం.

పై వారం పాస్టరుగారు పాట చెప్పి ఆగారు. అత్త ఎత్తలేదు. నేను వాయించడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకి మైకు, స్పీకరు వచ్చాయి. "నువ్వొచ్చినాక పాట లైన్లో పడ్డాది బావా" అని వరసైనవాళ్లు భుజం తట్టారు. మా ఆవిడ పోయాక నా భుజం మీద ఎవరైనా చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి. అత్త సంగతి వస్తే, "పెద్దామికి వయసైపోనాది" అనేవారు. నేను కాదనలేదు.

ఒక వానాకాలం ఆదివారం పాట మధ్యలో కరెంటు పోయింది. స్పీకరు ఆగిపోయింది. అప్పుడు విన్నాను. పాట లేదు. పాడుతున్నది నేనూ, నలుగురైదుగురు కుర్రాళ్లూ, అంతే. ముసలివాళ్లు పెదాలు కదుపుతున్నారు. చేపల వేటకెళ్లి వచ్చిన మగవాళ్లు కిందకి చూస్తున్నారు. ఆడవాళ్ల వరస మౌనంగా ఉంది. నా గిటారు శ్రుతి వాళ్ల గొంతులకి అందడం లేదు. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో నాకు తెలియదు.

ఆరాధన అయ్యాక అత్త ఇంటికి వెళ్లాను. చేపలు తోముతోంది.

"వచ్చే వారం నువ్వే ఎత్తు అత్తా."

"ఎందుకురా? నాకు లైటు ఎలగదు కదా."

"తప్పు నాదే. నువ్వు వెనక్కి తిరిగి చూసేది ఎందుకో ఇవాళ తెలిసింది."

"మరేటి? ముసిలోల్లు ఎక్కువుంటే కిందకి ఎత్తాల. పిల్లలుంటే పైకి. ఎవలొచ్చారో సూడకండా ఎలగ ఎత్తుతార్రా?" చేప తిప్పి రెండో వైపు తోమింది. "ఆ తప్పు నాకు సెప్పీసి ఏటి లాభం? అందరి ముందర అన్నావు."

పై వారం లేచి నిలబడి చెప్పాను. అత్త గొంతు పోలేదని, నాకు చేతకాక ఆవిణ్ణి తప్పన్నానని. తర్వాత ఒక పెద్దాయన, "ఒగ్గీ బాబూ, అలగ అనుకోకు, ఆమికి వయసు కాదేటి" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాననుకున్నాడు. అత్త కిటికీలోంచి బయటికి చూస్తోంది.

పాస్టరుగారు పాట చెప్పి ఆగారు. నేను గిటారు మీద చెయ్యి వెయ్యలేదు. అత్త వెనక్కి తిరిగి చూసి, ఎత్తింది. సన్నగా, కిందకి. ఆడవాళ్ల వరస అందుకుంది. మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు. అంతలో వెనక కుర్రాళ్లు అలవాటైన నా గిటారు శ్రుతిలో, గట్టిగా అందుకున్నారు. వాళ్ల తప్పు లేదు. వాళ్లకి తెలిసిన పాట అదే, నేర్పింది నేను. రెండు శ్రుతులూ కొట్టుకుని, ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు.

అత్త ఆఖరున ఆగింది. నావైపు చూసి, కానీయ్ అన్నట్టు చెయ్యి ఊపింది.

వాయించాను.