గంజి గరిటెతో ఆత్మకూరు సభకు

హన్నమ్మకు మనుషుల మొహాలు గుర్తుండేవి కావు, చేతులు గుర్తుండేవి. ధాత కరువు మొదలైనప్పటి నుంచి ఉదయగిరి కోట కింద గంజి కాగు వెనక నిలబడ్డ మనిషి ఆమె. ఎదురుగా వచ్చేవి ముంతలు, ముంతలు లేనివాళ్ళ దోసిళ్ళు. తల ఎత్తి మొహం చూసే తీరిక ఉండేది కాదు. చూద్దామన్నా కొందరు చూడనిచ్చేవాళ్ళు కాదు. చుట్టుపక్కల ఊళ్ళ రైతు కుటుంబాల మగవాళ్ళు వాడ మనిషి చేతి గంజి తాగడానికి నెత్తిన గొంగడి కప్పుకుని వచ్చేవాళ్ళు. గొంగడి మొహాన్ని దాచేది. చేతులు మాత్రం బయటికి చాపక తప్పేది కాదు.

గంజి పోసే పనికి ఆమెకు జీతం లేదు, తన గరిటె తనకు చాలు. కోట కింద కొయ్యపని చేసే ముసలి సాయిబు దాన్ని ఒకే దుంగలో చెక్కి ఇచ్చాడు. కాడ ఆమె భుజం దాకా ఉండేది. గరిటెడు పోసి కాగు అంచు మీద రెండు దెబ్బలు కొట్టేది. టక్, టక్. పోయించుకున్నవాడు కదలాలని, వెనకవాడు చెయ్యి చాపాలని దానికి అర్థం. వరస తప్పినవాడు చిట్టచివరికి పోవాలి. ఈ రెండు నియమాలూ ఆమె ఎవరికీ నోటితో చెప్పలేదు. గరిటె చెప్పింది, జనం నేర్చుకున్నారు.

1878 వేసవి. ఆ ఏటి పేరు బహుధాన్య. పేరు పెట్టినవాళ్ళు ఉదయగిరి వైపు వచ్చినట్టు లేదు. గింజలు అయిపోయి కాగు బోర్లించి ఉంది. అప్పుడే మిషను దొరసాని దగ్గరి నుంచి కబురు వచ్చింది. కరువు పనిలో జీతం లేకుండా చాకిరీ చేసినవాళ్ళంతా ఆత్మకూరు బంగళా దగ్గర కూడుతున్నారు. అమెరికావాళ్ళు, జర్మనీ దొర, స్కాట్లండు డాక్టరు, ఇక్కడి గంజి కేంద్రాలవాళ్ళు అందరూ వస్తారు. ఓడలో వచ్చిన గింజలు అక్కడే పంచుతారు. ఏ కేంద్రంలో గంజి పోసినవాళ్ళు ఆ కేంద్రం తరఫున స్వయంగా రావాలి. రాని కేంద్రం మూతపడుతుంది.

ఉదయగిరి కేంద్రానికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఆత్మకూరు దారిలోని ఊళ్ళ పెద్దమనుషులు దొరలకు ముందే చెప్పి పెట్టారు, తమ ఊళ్ళవాళ్ళెవరూ ఉదయగిరి గంజి ముట్టలేదని. ఎవరూ తాగని చోట కాగు ఎందుకని దొరలకు అనుమానం వచ్చింది. హన్నమ్మ పోయి ఆ అనుమానం తీర్చాలి. తీరకపోతే వానలు పడేదాకా వాడలో ఎంతమంది మిగులుతారో ఆమెకు తెలుసు.

ముందు ఆమె తాలూకా కచేరీకి పోయింది. చీటీ లేనిదే దారిలో కాపలావాళ్ళు కదలనివ్వడం లేదు.

“ఆడమనిషికి చీటీ ఏంది? మీ మొగుణ్ణి రమ్మను” అన్నాడు గుమాస్తా.

“ఆయన కాలవ పనికి పోయుండాడయ్యా. ఉన్నా లాభం ల్యా. ఆయన గంజి తాగినాడే గాని పొయ్యలా.”

చీటీ రాలేదు. ఆమె గరిటె భుజాన వేసుకుని మరిది ఓబయ్య దగ్గరికి పోయింది. గరిటెను ఇంట్లో వదిలితే ఎవరో ఒకరి పొయ్యిలోకి పోవడం ఖాయం. ఓబయ్య అంతకు ముందే ఆ దారిన పోబోయి నుదుటి మీద నిమ్మకాయంత బొప్పితో తిరిగి వచ్చాడు. రేగుమానుపాడు, తెల్లగుట్టపల్లె అనే రెండు ఊళ్ళు దారికి అడ్డంగా ముళ్ళకంచెలు వేసి, ఒడిసెలలు పట్టుకుని కూర్చున్నాయి. ఎవరివో గింజల బండ్లు ఆ రెండూళ్ళ మధ్య మాయమయ్యాయి. మీరు తిన్నారంటే మీరు తిన్నారని తలలు పగలగొట్టుకున్నారు. దానికి తోడు కలరా భయం.

“వదినా, పోతే నువ్వు పో. నా బుర్ర ఇంకో రాయికి ఆగదు” అన్నాడు ఓబయ్య.

“నీ బుర్రకేమిరా, రాయే పగులుతాది. లెయ్.”

“గరిటె ఎందుకు? ఆడ దొరలకు పోస్తావా?”

“పొయ్యమంటే పోస్తా. లేస్తావా, దీంతోనే లేపనా?”

అనుమసముద్రంపేట దాకా ఏ ఇబ్బందీ రాలేదు. దర్గాకు పోయే జనంలో కలిసి నడిచారు. అక్కడ చీటీ అడిగినవాళ్ళు లేరు, కులం అడిగినవాళ్ళూ లేరు. అందరూ ఏదో ఒక బాధ మోసుకుని వచ్చినవాళ్ళే కాబట్టి పక్కవాడి సంగతి ఎవరికీ పట్టలేదు. చిక్కు ఆ తర్వాతే మొదలైంది.

రేగుమానుపాడు కంచె వెనక మాలకొండయ్య నిలబడి ఉన్నాడు. రెండు జతల ఎద్దుల సేద్యం చేసిన రైతు. ఎద్దులు పోయాయి, మీసం మిగిలింది. చుట్టూ ఊరి మగవాళ్ళు.

“ఆగవే! ఆ భుజాన ఏంది, తుపాకీనా?”

“గరిటయ్యా.”

“మీ ఊళ్ళో కలరా ఉండాదా?”

“ఉన్నింది. తినేదానికేం దొరకక అది కూడా వలస పోయింది.”

కంచె వెనక ఒకడు కిసుక్కున నవ్వి, మాలకొండయ్య చూపుకు నోరు మూసుకున్నాడు.

“ఊరి వీధిలో మీ అడుగు పడేదానికి ల్యా. చుట్టూ పోతే తెల్లగుట్టపల్లె దొంగనాయాళ్ళ పొలం. ఆడ కనబడితే వాళ్ళు కొడతారు, ఈడ కనబడితే మేం కొడతాం. వచ్చిన దారినే పో.”

ఆ మాటలు చెబుతూ అతను చెయ్యి ఊపాడు. హన్నమ్మ ఆ చేతిని చూసింది. బొటనవేలి గోరు నిలువునా చీలి నల్లబడి ఉంది. ఎర్రంచు గొంగడిలోంచి ఆ వేలు తన కాగు దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందో ఆమెకు తెలుసు. పక్కనున్న వంకర చిటికెనవేలూ తెలుసు. కాలిన మచ్చ ఉన్న మణికట్టూ తెలుసు. కంచె వెనక ఆమెకు తెలియని చెయ్యి ఒక్కటీ లేదు.

ఓబయ్యకు ఆమె మొహం చూడగానే సంగతి అర్థమైంది. “చెప్పు వదినా” అన్నాడు చెవిలో. “ఒక్క మాట చెప్పు, చచ్చినట్టు తీస్తారు.”

“నోరు ముయ్. తిన్నోడి పేరు చెప్పుకునే దాన్నా నేను?”

చెప్పకుండానే వెనక్కి తిరగబోయింది. తిరిగే ముందు, దారంతా దుమ్ము పట్టిన గరిటెను దించి, అలవాటు కొద్దీ దారి పక్క బండకు రెండుసార్లు తట్టింది.

టక్, టక్.

ఒడిసెలలు కింద పడ్డాయి. కంచె వెనక ప్రతివాడూ దోసిలి చాపాడు. ఒక ముసలాయన గబగబా ముందువాడి వీపు వెనకకు పోయి నిలబడ్డాడు. వరస తయారైంది. అందరికంటే ముందు మాలకొండయ్య. రెండు చేతులూ కలిపి, వేళ్ళ మధ్య సందు లేకుండా, చుక్క కూడా కారనివ్వని దోసిలి పట్టి ఉన్నాడు.

మాలకొండయ్య తన చేతులను వేరే ఎవరివో చూసినట్టు చూసుకున్నాడు.

“చేతులు కడుక్కుందామని...” అన్నాడు.

“కడుక్కోండి రెడ్డీ. నీళ్ళుండాయా?” అంది హన్నమ్మ.

ఓబయ్య నేల మీద కూలబడి, బొప్పి పట్టుకుని నవ్వాడు. ఇంక ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. కంచె అవతల నవ్వు, ఇవతల నవ్వు. మాలకొండయ్య మీసం కూడా కదిలింది.

“కంప లాగండిరా, చూస్తారేంది!” అని అరిచి, గొంతు తగ్గించి అడిగాడు. “యాడికి?”

“ఆత్మకూరికి. దొరల సభ. గింజలు పంచుతారంట.”

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆమె కంచె దాటేలోపే ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి, ముంతలు బయటికి వచ్చాయి. గింజలు, సభ అన్న మాటలు దారిలోనే రాలిపోయి, ఆత్మకూరులో గంజి పోస్తున్నారన్న మాట ఒకటే మిగిలింది.

“గంజి కాదు, మీటింగు!” అని హన్నమ్మ తిరిగి తిరిగి చెప్పింది. గరిటె భుజాన పెట్టుకుని ఆ మాట చెబితే నమ్మేదెవరు?

తెల్లగుట్టపల్లె కాపలావాళ్ళకు శత్రువుల ఊరు ఊరంతా తమ మీదికి వస్తూ కనబడింది. ఒడిసెలలు గిర్రున తిరిగాయి. ఈసారి హన్నమ్మ ఆలస్యం చెయ్యలేదు. బండ కోసం చూసింది, దొరకలేదు. ఓబయ్య చేతిలోని ఖాళీ ముంత లాక్కుని దాని మీదే కొట్టింది. అక్కడా అదే జరిగింది. కాకపోతే ఇక్కడ దోసిళ్ళు చాపిన వెంటనే తగాదా మొదలైంది.

“మా ఊళ్ళో మేం ముందు!”

“దారిలో మేం ముందు నిలబడినాం!”

“గింజలు దొంగిలించిన మొహాలకు ముందు కూడానా?”

“మేం దొంగిలించుంటే ఈ ముంత పట్టుకుని వస్తామా, ఎర్రినాయాలా?”

రెండు నెలలుగా తలలు పగులుతున్న గొడవలో ఇంత తెలివైన మాట ఎవరూ అనలేదు. రెండు పక్షాలూ ఒకరి డొక్కలు ఒకరు చూసుకున్నారు. ఆ గింజలు ఎవరు తిన్నారో గాని, ఇక్కడివాళ్ళు మాత్రం కాదు.

“వాళ్ళొకరు, మీరొకరు, వాళ్ళొకరు, మీరొకరు. అరిచినోడు చివరికి” అంది హన్నమ్మ.

వరస తెల్లగుట్టపల్లె పెద్దవీధి మధ్యగా సాగింది. ముందు హన్నమ్మ, కాళ్ళకు చెప్పులతో. అరుగు మీది అవ్వ ఒకామె మాత్రం గమనించి, “చెప్పులే! చెప్పులతో పోతా ఉండాదిరా!” అని కేక పెట్టింది.

“అవ్వా, కావాలంటే వరసలో నిలబడు. ల్యాకపోతే ఊరుకో” అన్నాడు ఆమె మనవడు. అవ్వ లోపలికి పోయి చెంబు తెచ్చుకుంది.

ఎండిన బొగ్గేరు ఇసుక దాటి ఆత్మకూరు బంగళా చేరేసరికి, పందిట్లో సభ ముగింపుకు వచ్చింది. తడికె వాకిట బంట్రోతు నారాయణయ్య కర్ర అడ్డం పెట్టాడు. లోపలి నుంచి దొరసాని గొంతు వినబడుతోంది. “ఉదయగిరి తరఫున ఎవరును రాలేదు గనుక...”

“వచ్చినాను!” అని అరిచింది హన్నమ్మ.

“చీటీ?” అన్నాడు నారాయణయ్య.

“పక్కకు జరుగొదినా, చూపిద్దాం” అన్నాడు ఓబయ్య. ఆమె జరిగింది. నారాయణయ్యకు వరస కనబడింది. ఏటి దాకా కనబడింది. అతని చేతిలో కర్ర దానంతట అదే దిగింది.

దొరసాని బయటికి వచ్చింది. ఆమె తెలుగు పుస్తకంలో నేర్చుకున్నది. “ఓ స్త్రీ, ఈ సమూహము ఏమి? సభలో ఒక్కరే మాటలాడవలెను.”

“వీళ్ళు మాట్లాడేదానికి రాలేదమ్మా. తాగేదానికి వచ్చినారు. నేను పిలవలా.”

“ఈ గ్రామములవారు నీ గంజి ఎన్నడును ముట్టలేదని పెద్దలు చెప్పియున్నారు. అది నిజమైతే ఉదయగిరికి బస్తాలు ఇయ్యజాలము. నిజము చెప్పుము. వీరు త్రాగిరా?”

పందిరి కింద దేశదేశాల మనుషులు లేచి నిలబడ్డారు. హన్నమ్మ వెనక్కి తిరిగి చూసింది. మొహాలన్నీ నేలచూపులు చూస్తున్నాయి. అవునంటే ఉదయగిరి కాగు నిలుస్తుంది. అవునంటే ఇంతమంది గొంగళ్ళూ ఒక్కసారిగా లాగేసినట్టవుతుంది.

“పోసింది నేను. తాగింది ఎవురో వాళ్ళే చెప్పాలమ్మా” అంది. గరిటె ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది. కొట్టలేదు.

కదలని గరిటె కింద వరస కూడా కదలదు. ఎండ మండుతోంది. బంగళా అరుగు మీద బస్తాలు కనబడుతున్నాయి. వెనకనుంచి ఎవరో “చెప్పి చావండిరా” అన్నారు. మాలకొండయ్య ముంత చంకలో పెట్టుకుని ముందుకు వచ్చాడు. చెప్పే ధైర్యం కంటే ఆకలి ఎక్కువగా ఉన్నట్టు కనిపించాడు.

“నేను తాగినా. పోయినేడంతా తాగినా. చాలునా? ఇంక కొట్టవే!”

ఆ తర్వాత పోటీ మొదలైంది.

“ఆయన కంటే ముందు నేను తాగినా!”

“నువ్వు గొంగడి మార్చుకుని రెండుసార్లు తాగినావు, నేను చూసినా!”

“చూసినావంటే నువ్వు గూడా ఆడే ఉండావు గదరా!”

దొరసాని ఒక్కొక్కరి మాట జర్మనీ దొరకు చెప్పాలని చూసి, నవ్వు ఆగక మానుకుంది. ఉదయగిరి వాటా బస్తాలు ఇవ్వడానికి సభ ఒప్పుకుంది. ఆ నిర్ణయం ఇంగ్లీషులో చదివే లోపే హన్నమ్మ అందులో ఒక బస్తా విప్పించి, జర్మనీ దొరను నీళ్ళకు పంపింది, డాక్టరును పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. కట్టెలు చాలలేదు. మాలకొండయ్య తెల్లగుట్టపల్లె వైపు మొహం తిప్పి, “మీ కంచె కంపలు ఎండినయ్యా, పచ్చివా?” అని అడిగాడు. ఎండినవే. రెండూళ్ళవాళ్ళూ పోయి రెండు కంచెలూ పీక్కుని వచ్చారు.

గంజి ఉడికింది. టక్, టక్. కాసేపటికి తెల్లటి చేతులు రెండు పింగాణీ కప్పుతో పక్కనుంచి ముందుకు వచ్చాయి. హన్నమ్మ తల ఎత్తలేదు.

“అమ్మా, వరస” అంది.

దొరసాని పోయి చివర, నారాయణయ్య వెనక నిలబడింది.