మూడు టెండర్లు, ఒకే పసుపు వేలు

మా మామ పోయాడు. మా అమ్మకు తమ్ముడు, చిత్తూరు కోర్టులో వకీలు. పోయిన వారం తిరుపతిలో మా ఇంట్లో ఇడ్లీ తింటూ తింటూ గుండె పట్టుకున్నాడు, మధ్యాహ్నానికి లేడు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "పుణ్యాత్ముడు, సులువుగా పోయినాడు" అంటున్నారు. సులువుగానా! నా కడుపు మండిపోతోంది, అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనతో బయటికి వెళ్లడమంటే నాకు తలవంపులుగా ఉండేది. బస్టాండులో బెంచీ కనబడితే ఊరికే కూర్చోడు. ముందు దాని చెయ్యి పట్టుకుని గడగడా ఊపుతాడు. "ఇది ఎవురు కొన్నారో, ఎంతకు కొన్నారో" అని పైకే అంటాడు. "మామా, కొండ బస్సు పోతాంది" అంటే, "పోనీలే పాపా, ఇంకోటి వస్తాది. ఈ జనం దుడ్లు పోతే మళ్లా రావు" అనేవాడు.

తిరుపతి పెద్దాసుపత్రికి స్ట్రెచర్లు కొన్నప్పుడు ఆ లెక్క తేలాలని మామ పట్టు పట్టాడు. కొత్తవి వచ్చిన కొద్దిరోజులకే చక్రాలు బిగుసుకుపోయాయి. టెండరు ఆన్‌లైన్‌లో జరిగింది, మూడు కంపెనీలు పోటీపడ్డాయి, అంతా సక్రమమే అన్నారు అధికారులు. మామ సమాచార హక్కు కింద ఆ మూడు కంపెనీలు ఎక్కించిన కాగితాల స్కాన్ కాపీలు రాబట్టి నా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నేను కంప్యూటర్లు నేర్పే టీచర్ని, నాకేమీ కనబడలేదు. ఆయన ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"ఆ మూల సూడు పాపా."

మా వైపు ముఖ్యమైన కాగితం ఏదైనా పసుపు పెట్టనిదే పంపరు. మూడు కంపెనీల కాగితాలకూ మూలన పసుపు ఉంది. మూడింటి మీదా అదే బొటనవేలి ముద్ర, దానికి అడ్డంగా అదే గాటు.

"కంప్యూటర్ను మోసం చేసినారు గానీ, దేవునికి దండం పెట్టకుండా ఉండలేకపోయినారు!"

హైకోర్టుకు వెళ్లాడు. మూడు టెండర్లూ ఏ కంప్యూటర్ నుంచి వచ్చాయో చెప్పమన్నాడు. రికార్డు దొరకలేదన్నారు అధికారులు. జవాబు వేయడానికి గడువు అడిగారు, ఆ గడువు తీరాక మళ్లీ గడువు. పసుపు గురించి వాదించే రోజే రాలేదు. ఈలోగా ఆ స్ట్రెచర్లు అమ్మిన కాంట్రాక్టరు అదే ఆసుపత్రికి మంచాలు కూడా అమ్ముకున్నాడు. ఒకసారి విసుగొచ్చి కసిరాను.

"ఇంక చాలు మామా. గోడకు చెప్పినట్టే ఉండాది."

"గోడకైనా చెప్తా ఉండాల పాపా. అడిగేవాడు లేడంటే వాళ్లకు ఇంకా అలుసు."

మామ గుండె పట్టుకున్న రోజు ఆటోలో తీసుకెళ్లింది ఆ ఆసుపత్రికే. స్ట్రెచర్ మీద పడుకోబెట్టాం. గుమ్మం దాటకుండానే ఆగిపోయింది. వార్డుబాయ్ చక్రాన్ని కాలితో తన్నాడు. నేను ఏడుస్తూ కనబడినవాళ్లందరినీ తిడుతున్నాను. మామ కళ్లు తెరవలేదు. చెయ్యి మాత్రం మెల్లగా జరిగి పక్కనున్న కడ్డీని పట్టుకుంది, కొంచెం ఊపింది.

"అదే గదా పాపా?"

"అదే మామా" అన్నాను.

ఆటో డ్రైవరూ నేనూ వార్డుబాయ్ కలిసి స్ట్రెచర్ను పైకెత్తి పరుగెత్తాం. నేల మీద ససేమిరా కదలని ఆ చక్రం, గాల్లోకి లేచాక హాయిగా గిరగిరా తిరిగింది.