నాన్నతో వెళ్లిన ఫీల్డు క్యాంపు

మొన్న ఉదయం కూరలు కొనుక్కుని మౌలాలి గుట్ట పక్కగా ఇంటికి వస్తుంటే, ఒక కాలేజీ బస్సు ఆగి ఉంది. దిగిన పిల్లలు చేతుల్లో సుత్తులు, మెడల్లో భూతద్దాలతో బండల చుట్టూ మూగారు. సగానికి పైగా ఆడపిల్లలే. ఒకమ్మాయి బట్టలకు మట్టి అవుతుందన్న చింత లేకుండా బండ మీద బోర్లా పడుకుని ఏదో కొలుస్తోంది. సంచి కింద పెట్టి పావుగంటసేపు అక్కడే నిలబడిపోయాను. నా ఈడు ఆడవాళ్లలో ఎవరైనా జియాలజీ చదివి ఉంటే, నేనెందుకు నిలబడ్డానో వేరే చెప్పక్కర్లేదు.

మా నాన్న రైల్వేలో ఫిట్టరు. మౌలాలి క్వార్టర్లలో పుట్టి పెరిగిన నాకు ఇక్కడ సీటు రాక, కోస్తాలో సముద్రం ఒడ్డునే ఉన్న ఒక చిన్న కాలేజీలో బీఎస్సీ జియాలజీలో చేరాను. కాలేజీ అంటే పెంకుల కప్పు వేసిన నాలుగు గదులు, వరండా, సరుగుడు తోట. ఉప్పుగాలికి తలుపుల బందులు తుప్పుపట్టి, క్లాసు మధ్యలో ఎవరు లోపలికి వచ్చినా కీచుమని ఊరంతటికీ చాటేవి. కాగితాలు ఎగిరిపోకుండా ల్యాబులోని రాతి నమూనాలనే వాటి మీద పెట్టేవాళ్లం. పరీక్షల నాటికి ఏ రాయి ఏ పెట్టెలోదో తెలియక మాస్టారు తల పట్టుకునేవారు. నేను "ఏందీ" అన్నప్పుడల్లా క్లాసంతా నవ్వేది. మొదటి నెల ఏడ్చాను, రెండో నెల నుంచి వాళ్ల చేత కూడా ఆ మాట అనిపించాను.

మా క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయి ఆ ఊరి బట్టల కొట్టు యజమాని కూతురు. రెండో ఏడాది పది రోజుల ఫీల్డు క్యాంపు వచ్చింది. అది పూర్తి చేయకపోతే డిగ్రీ లేదు. అయితే ఆడపిల్లలు రావాలంటే ఇంటి నుంచి పెద్దవాళ్లొకరు తోడు రావాలని కాలేజీ నియమం పెట్టింది. కొట్టు వదిలి రావడం కుదరదన్నాడు నా స్నేహితురాలి తండ్రి. ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయినట్టే అనుకున్నాం. అప్పుడు మా నాన్న సెలవు పెట్టి, ఇత్తడి టిఫిను డబ్బాతో రైలు దిగి, ఇద్దరికీ తానే తోడంటూ సంతకం చేశాడు.

క్యాంపులో నాన్న అందరికంటే ముందు లేచేవాడు. మా వెంట ఎండలో నడిచేవాడు, వదులైన సుత్తి పిడులు బిగించి ఇచ్చేవాడు. మగపిల్లలు కూడా ఆయన్ని బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టారు. మూడో రోజున మాత్రం చిక్కు వచ్చింది. సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఒక కొండకొన కింద రెండు రకాల రాళ్లు కలిసే చోటు ఉంది. నీరు వెనక్కి తగ్గిన రెండు గంటల్లోనే దిగి కొలుచుకుని రావాలి. నేను సగం దిగానో లేదో, పైనుంచి నాన్న గొంతు చించుకుని నన్ను పిలిచాడు. ఏమయిందో అని భయపడి పైకి ఎక్కాను. ఏమీ కాలేదు, నా కాలు జారుతుందేమోనని ఆయనకు భయమేసింది, అంతే. ఆయన్ని సముదాయించి మళ్లీ దిగేసరికి నీళ్లు ఆ రాళ్లను కప్పేశాయి. కొలవనిది గీయడానికి వీల్లేదని, నా పటంలో ఆ ముక్క ఖాళీగా వదిలేయమన్నారు మాస్టారు. కోపం పట్టలేక నాన్నతో అన్నాను: "నువ్వు రాకుంటే బాగుండు."

మర్నాడు పొద్దున చూస్తే ఆయన బట్టలు సర్దుకుని మాస్టారి ముందు నిలబడి ఉన్నాడు.

"సార్, నేనున్నంతసేపు ఈ పోరి రాళ్ల దిక్కు చూస్తలేదు, నా దిక్కే చూస్తున్నది. నేను పోత. మగపోరగాళ్లను ఎట్ల చూస్తున్నరో ఈళ్లను సుత గట్లనే చూడుండ్రి."

మాస్టారు ఇబ్బందిగా కదిలారు. "మీరు వెళ్లిపోతే వీళ్లిద్దర్నీ కూడా పంపెయ్యాలండీ. రూలు అలా ఉంది మరి."

"కాయిదం ఇయ్యుండ్రి. ఏమన్న అయితే జిమ్మేదారి నాదే అని రాసిస్త. ఇద్దరిది."

మాస్టారు చివరికి తన డైరీలోంచి ఒక కాగితం చింపి ఇచ్చారు. నాన్న నిలబడే రాశాడు. వెళ్తూ నా దగ్గరికి వచ్చి, "జెర పైలం" అని జాగ్రత్త చెప్పాడు. క్షమించమని అడగాలనుకునేలోపే నడక మొదలుపెట్టాడు. సరుగుడు చెట్ల మధ్య ఆయన తెల్లచొక్కా కనుమరుగయ్యేదాకా చూసి, నేనూ నా స్నేహితురాలూ సుత్తులు తీసుకుని కొన దిగువకు వెళ్లాం. పైనుంచి పిలిచేవాళ్లెవరూ లేరు. ఎర్రని రాయి మీద తెల్లరాయి ఒరిగిన ఆ గీతను వేలితో తడిమి, కొలిచి, ఖాళీని నింపుకున్నాను. తర్వాతి ఏడాది ఆ నియమం మాట ఎవరూ ఎత్తలేదు. మా వెనక చేరిన ఐదుగురు అమ్మాయిలు తోడు లేకుండానే క్యాంపుకు వెళ్లారు.

క్యాంపు అయ్యాక సెలవులకు ఇంటికి వచ్చాను. క్యాంపు నుంచి నేను వేసిన పోస్టుకార్డు నా తర్వాత రెండు రోజులకు చేరింది. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే నాన్న దాన్ని పైకి చదివాడు. "మేమిద్దరం క్షేమం" అన్నచోట ఆగి, మళ్లీ ఒకసారి చదివాడు. తిరిగొచ్చాక నేను ఇల్లు చేరేదాకా, ఆ ఆరు రోజులూ ఆయన సరిగ్గా అన్నం తినలేదని అమ్మ తర్వాత చెప్పింది.

ఇప్పుడు బిడ్డ ఏ కొండ ఎక్కిందో, ఏ ఒడ్డున ఉందో తండ్రి ఫోనులోనే కనపడుతుంది. మంచిదే, ఎవరూ పస్తులుండనక్కర్లేదు. కానీ ఏ కబురూ అందకుండా, నమ్మకం ఒక్కటే పట్టుకుని అన్ని రోజులు ఎలా ఉండగలిగాడో నాన్నను అడగాలని నాకు తోచేసరికి, చెప్పడానికి ఆయన లేడు.